డిస్కు బండికి టోకెన్

మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. మా ఆమె వెంకటవ్వ దానికి పెట్టిన పేరు సవతి. నేను దానికి ఏ పేరూ పెట్టలేదు. పెడితే ఆ పేరు మీద ఇంకో కొట్లాట.

ఆ పెట్టె మా కొడుకు ఆత్మారాంది. నిజామాబాద్ బస్టాండు దగ్గర వాడు ఇంటర్నెట్ సెంటర్ నడిపిన కాలం నాటిది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక సెంటర్‌కు తాళం పడింది. వాడు జిరాక్సు షాపు పెట్టుకుని, ఉన్న పెట్టెలన్నీ అమ్మేశాడు. ఎవరూ కొనని ఒక్కటి మా ఇంటికి వచ్చింది.

"ఎవలూ కొననివి ఇంట్ల రెండైనయి" అన్నది వెంకటవ్వ, పెట్టెను చూసి, తర్వాత నన్ను చూసి.

ఆ పెట్టెలో నాకు పత్తాలాట, అదే పేకాట, ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చుంటాను. అందులో ఎదుటివాడు మోసం చేయడు, చాయ్ అడగడు, ఓడితే అలగడు. ఇంతకంటే మంచి దోస్తు బోధన్ రోడ్డు పొడవునా వెతికినా దొరకడు. ఒక్కటే లోపం, నిదానం. మీట నొక్కి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, గల్లీ చివరిదాకా వెళ్లి ఎవరింట్లో ఏ కూరో కనుక్కుని వస్తే, అప్పటికి తెర మీద వెలుతురు వచ్చి ఉండేది.

వెంకటవ్వకు మాత్రం ఆ పెట్టెలో కావలసింది ఒక్కటే. ఆమె పాట.

ఆత్మారాం సెంటర్ పెట్టిన కొత్తలో తల్లిని మైకు ముందు కూర్చోబెట్టి ఒక బతుకమ్మ పాట పాడించాడు. అప్పుడు ఆమె గొంతు ఎలా ఉండేదంటే, ఆమె పాడుతుంటే ఆటోవాళ్లు హారన్ కొట్టకుండా దిగి, ఆటోను చేతులతో తోసుకుంటూ పోయేవారు. ఇప్పుడు ఆ గొంతు లేవదు. మాట బాగానే వస్తుంది, ఆ విషయంలో దేవుడు నాకేమీ రాయితీ ఇవ్వలేదు. పాట ఒక్కటే పోయింది. అందుకని సద్దుల బతుకమ్మ నాడు పెట్టెను అరుగు మీదికి తెచ్చి ఆ పాట పెడతాం. గల్లీ ఆడవాళ్లంతా దానికి చప్పట్లు కొడుతూ తిరుగుతారు.

పోయిన ఏడు అందరూ బతుకమ్మలు దింపి నిలబడ్డారు. పెట్టె లేవలేదు. ఎదురింటి రోజాకు నోరు కొంచెం పెద్దది. అందుకే గల్లీలో ఆమెను మైకు రోజా అంటారు.

"పెద్దమ్మా! నీ పాట నిద్ర లేచేటాలకు మా పూలు పండుకుంటయి!" అని అరిచింది.

అందరూ నవ్వారు. వెంకటవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంట్లోకి వచ్చాక ఎలా మారిందో నాకు తెలుసు.

ఈ ఏడు పండుగ దగ్గర పడగానే తీర్పు చెప్పింది.

"ఏమయ్యా, ఈసారి గిన ఆడోళ్లను నిలవెట్టిందనుకో, నీ పెట్టెను పాత సామాన్లోనికి ఇస్త. స్టీలు బకెటు తీస్కుంట."

"ఒక్క బకెటుకా?"

"మూత గూడ అడుగుత."

మా కోడలు నిరోష తలుపు దగ్గర నిలబడి ఉంది. "అత్తమ్మా, పాటను ఫోన్ల..." అని ఏదో అనబోయింది. వెంకటవ్వ ఒక్క చూపు చూసింది. నిరోష మాట మింగేసి, ఉల్లిగడ్డలు కోయడానికి వెళ్లిపోయింది. అత్తంటే భయం కాబోలు అనుకున్నాను.

బకెటు నా కళ్ల ముందే ఆడుతోంది, మూతతో సహా. వెంటనే కిషోర్‌బాబుకు ఫోన్ చేశాను.

కిషోర్‌బాబుది బోధన్ దగ్గర క్యాంపు. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకున్నారు. నేను చక్కెర ఫ్యాక్టరీ యార్డులో పని చేసినప్పుడు ఆయన చెరుకు ట్రాక్టర్ తెచ్చేవాడు. అప్పటి స్నేహం. ఆయన పేరు సెట్టింగుల కిషోర్‌బాబు. ఏ వస్తువునూ ఉన్నదాన్ని ఉన్నట్టు వదలడు. ఫ్రిజ్‌ను సెట్ చేస్తే పెరుగును సుత్తితో కొట్టుకుని తిన్నారు. ఫ్యాన్‌ను సెట్ చేస్తే గోడ మీది క్యాలెండరు ఆర్నెల్లు ముందుకు తిరిగింది. వాళ్ల ఆవిడ నాగకుమారి గారు ఆయన్ని వంటింట్లోకి రానివ్వదు.

అలాంటి మనిషిని నేను పిలిచి మరీ తెచ్చుకున్నాను.

ఆయన వచ్చి, పెట్టె మీట నొక్కి, ఇంకేదో మీట టకటకా కొట్టాడు. నీలం తెర వచ్చింది. దాని నిండా ఇంగ్లీషు. నాకు అక్షరాలు అంతంత మాత్రం. అంకెలైతే భయం లేదు, యార్డులో బండ్లకు టోకెన్లు పంచిన చెయ్యి.

"ఇదిగో చూడు రామ్‌దాసూ. లోపల ఉన్నది ఒకటే రోడ్డు. దాన్ని బస్సు అంటారు."

"రోడ్డును బస్సంటే మరి బస్సునేమంటరు?"

"అది ఆ పేరు పెట్టినవాణ్ణి అడుగు. డిస్కులోంచి సరుకు తెచ్చే కార్డొకటి, పాట పలికించే కార్డొకటి. రెండూ ఈ రోడ్డు మీదే నడవాలి. ఒకడు ఎక్కితే ఎంతసేపు ఉండొచ్చో ఇక్కడ అంకె రాసుంటుంది. నీ డిస్కు కార్డుకి ముప్పై రెండే ఉంది. అది కాస్త సరుకు దింపేలోపే దిగమంటారు, మళ్లీ లైన్లో నిలబడాలి. అందుకే నీ పెట్టె నత్త."

నాకు ఒళ్లు పులకరించింది. "గిది మా కాంటానే గదా!"

నిజంగా మా కాంటానే. బోధన్ యార్డులో నేను టోకెన్ మనిషిని. చెరుకు బండ్లు తూకానికి లైన్లో ఉండేవి. నేను విజిల్ ఊదితే ఒక బండి కాంటా ఎక్కాలి, మళ్లీ ఊదితే దిగాలి. నా బతుకంతా ఎవరు ఎంతసేపు ఉండాలో చెప్పడమే. ఇంట్లో తప్ప.

"అరవై నాలుగు పెడదాం. చాలు" అన్నాడు కిషోర్‌బాబు.

అంతలో ఆయన ఫోన్ మోగింది. నాగకుమారి గారి గొంతు నాక్కూడా వినిపించింది. "ఏవండీ! మోటారు స్టార్టరు మళ్లీ ముట్టుకున్నారా? నీళ్లన్నీ పక్కోళ్ల చేలోకి పోతున్నాయి!"

ఆయన చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బండెక్కాడు.

నేనూ నీలం తెరా మిగిలాం.

అరవై నాలుగు అన్నాడు. కానీ మీట నొక్కుతూ పోతే అంకె ఇంకా పెరుగుతోంది. చివర రెండు వందల నలభై ఎనిమిది ఉంది. అంతటి అంకె ఉండగా అరవై నాలుగుతో ఆగడమేమిటి? యార్డులో నా పద్ధతి ఒకటే. పెద్ద లారీ కాంటా ఎక్కిందంటే మధ్యలో దింపొద్దు, లైను తొందరగా తరుగుతుంది. డిస్కు కార్డే ఇక్కడ పెద్ద లారీ. దానికి పూర్తి టోకెన్ ఇచ్చేశాను.

ఏం చెప్పమంటారు! నేను కుర్చీ లాక్కునేలోపే పత్తాలు పరిచి ఉన్నాయి. ఎదుటివాడు అప్పటికే ఒక ముక్క దించి నా కోసం చూస్తున్నాడు.

ఆ రోజు మొదలు నేను పొద్దున కూడా ఆడాను. వెంకటవ్వ అడిగితే, "టెస్టింగ్" అన్నాను.

"పాట వెట్టి సూసినవా?"

"పత్తాలు గింత జల్ది వచ్చినయంటే పాట రాదా?"

"పత్తాలు పాట పాడ్తయా?"

"నీకు కాంటా సంగతి తెల్వదే."

"నాకు తెల్వదా?" అన్నది. ఒక్క క్షణం నన్ను అదోలా చూసి, చాట అందుకుంది.

సద్దులకు ముందురోజు పొద్దున మా అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చేరారు. ఒళ్లో చాటలు, చేతుల్లో తునికాకు. "పెద్దబాపూ, పాటొకసారి వెట్టు, విందాం" అన్నది రోజా.

నేను చొక్కా సర్దుకుని, గారడీవాడు గంప ఎత్తినట్టు మీట నొక్కాను. పాట మొదలైంది.

"ఇం... ఇం... ఇం... దూ... దూ... దూరు సం... సం..."

ఇందూరు సంతలో పసుపు కొన్న పాట అది. సంత దాకా పోనే లేదు, ఇందూరులోనే ఇరుక్కుంది. చప్పట్లు కొట్టబోయిన వాళ్ల చేతులు గాల్లో ఆగిపోయాయి. వీళ్ల వేళ్లు పాట తాళానికి బీడీలు చుడతాయి. ఆ తాళానికి రోజా చేతిలోని బీడీ నడుం మూడుచోట్ల విరిగింది.

"అయ్యో, పెట్టెకు ఎక్కిళ్లొచ్చినయి! నీళ్లు తాపుండ్రి!"

"ఎవలో తలుస్తుండ్రు దాన్ని!"

"పాత సామాన్లోడే తలుస్తుండొచ్చు!"

అరుగంతా నవ్వు. నేను కూడా నవ్వబోయి వెంకటవ్వను చూశాను. ఆమె నవ్వడం లేదు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, తన పాటే ముక్కలు ముక్కలుగా రావడం వింటోంది. నా నవ్వు ఎటుపోయిందో పోయింది.

"కరెంటు తక్కువస్తున్నట్టుంది" అన్నాను.

"కరెంటు తక్కువైతే నెత్తిమీద ఎలిగే బుగ్గకు గూడ ఎక్కిళ్లు రావాలె గదా?" అన్నది. అంతే అన్నది. లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎలాగైనా బాగుచేయాలి. బకెటు సంగతి కూడా మరిచిపోయాను. పెట్టెను లోపలికి మోసి, తలుపు వేసి, నీలం తెర తెచ్చాను. డిస్కు లారీ కాంటా దిగడం లేదు, పాట బండి లైన్లో నిలబడి ఏడుస్తోంది. అంతవరకు అర్థమైంది. అర్థమయ్యాక మనిషి ఏం చేయాలి? పాత అంకె పెట్టాలి. నేనేం చేశాను? రోడ్డు మీద బండ్లన్నీ ఇంకా జోరుగా పోతే అందరికీ జాగా దొరుకుతుంది కదా అనుకున్నాను. రోడ్డు వేగానికి వేరే అంకె ఉంది. దాన్ని పెంచాను. ఒకసారి పెంచితే చాలదేమోనని ఇంకా పెంచాను.

పెట్టె ఆగింది. మళ్లీ మీట నొక్కితే తెర నల్లగా ఉంది. లోపలినుంచి 'కుయ్... కుయ్... కుయ్' అని ఒకటే కూత. నీలం తెర లేదు, పత్తాలు లేవు, పాట లేదు.

కిషోర్‌బాబు మళ్లీ వచ్చాడు. అంకె విని తల పట్టుకున్నాడు.

"అరవై నాలుగన్నాను కదయ్యా!"

"నువ్వు నీళ్ల ఎంబడి పోయినవు గదయ్యా!"

"పోతే? చెప్పిందాంట్లో ఆగాలా, వద్దా?"

"ఫ్రిజ్ కాడ నువ్వాగినవా?"

ఇలా ఇద్దరం పెట్టెను బాగుచేస్తూ ఉండగా, ఆయన స్క్రూడ్రైవర్‌తో రేకు మూత ఊడదీశాడు. లోపల చూశాం. దుమ్ము. ఇద్దరం చాలాసేపు ఆ దుమ్మును పరీక్షించాం.

వెంకటవ్వ వచ్చి ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకుంది. "లేవుండ్రి ఇద్దరు. పొయ్యి తంగేడు పూలు తెండ్రి. జక్రాన్‌పల్లి దిక్కు బాగున్నయంట."

"పెట్టె..."

"పెట్టె యాడికి పోతది? పూలే వాడిపోతయి. పోండ్రి."

ఆమె గొంతులో కోపం లేదు. అదే భయం వేసింది. మేమిద్దరం మోటార్‌సైకిల్ మీద కిక్కురుమనకుండా పోయాం. తంగేడు కోశాం, గునుగు కోశాం. నేను ఆమె మొహమే తలుచుకుంటూ కోశాను. కిషోర్‌బాబు మధ్యమధ్య, "లోహం వేడెక్కిందయ్యా, చల్లబడితే అన్నీ సర్దుకుంటాయి" అంటూ వచ్చాడు. నమ్మలేదు. కానీ ఇంకేం చేస్తాను? నమ్మాను.

తిరిగి వచ్చేసరికి గల్లీ మొదట్లోనే వినిపించింది. ఎక్కడా తెగకుండా, వెంకటవ్వ గొంతు. ఇందూరు దాటింది, సంత దాటింది, పసుపు కొని ఇంటికొచ్చేస్తోంది. పూలమూట నా చేతిలోంచి జారింది.

"చెప్పలా! చల్లబడిందయ్యా!" అని కిషోర్‌బాబు నా వీపు మీద చరిచాడు.

లోపల వెంకటవ్వ గౌరమ్మ కోసం పసుపు తడుపుతోంది.

"ఏం జేసినవే?"

"నేనేం జేస్త? నాకు కాంటా సంగతి తెల్వదు గదా" అన్నది, తల ఎత్తకుండా.

మరునాడు సాయంత్రం సద్దులు. ఆడవాళ్లు బతుకమ్మలు దింపారో లేదో పాట వచ్చేసింది. ఒక్కరు నిలబడలేదు. ఒక్క పువ్వు వాడలేదు. రోజా కూడా నోరు మూసుకుని తిరిగింది. వెంకటవ్వ నడుమ నిలబడి, లేవని గొంతుతోనే తన పాటతో తాను పెదవులు కలిపింది. నేను అరుగు మీద పెట్టె పక్కన, పెండ్లికొడుకు తండ్రిలా కూర్చున్నాను.

ఆట అయ్యాక రోజా అడిగింది. "పెద్దబాపూ, ఏం జేసినవు దీన్ని? గుర్రం లెక్క ఉరుకుతున్నది?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

"బస్సు సెట్టింగమ్మా. లోపల రోడ్డుంటది. డిస్కు కార్డుకు పూర్తి టోకెన్ ఇచ్చిన. అందరితోని కాదది. చెయ్యి తిరగాలె."

వెంకటవ్వ దూరం నుంచి విన్నది. సత్తుపిండి ముద్ద ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "తినయ్యా, అలిసినవు" అన్నది. పొంగిపోయాను.

మర్నాడు పొద్దున పత్తాలకని కూర్చున్నాను. మీట నొక్కాను. రాలేదు. కాళ్లు కడుక్కున్నాను. రాలేదు. చాయ్ తాగాను. అప్పుడు వచ్చింది, పాత పద్ధతిలో, పాత నిదానంతో. తెర మూలన తారీఖు చూస్తే ఇరవై ఏళ్ల కిందటిది. అనుమానం వచ్చి నీలం తెర తెచ్చాను. డిస్కు కార్డు ఎదురుగా ముప్పై రెండు. నా పూర్తి టోకెన్ లేదు, నేను పెంచిన వేగం లేదు. నేను ముట్టుకున్నట్టు ఆనవాలే లేదు.

అంతలో బయట సందడి. రోజా మిక్సీ తెచ్చింది. ఆమె వెనక ఒకామె టేబుల్ ఫ్యాన్, ఇంకొకామె ఇస్త్రీ పెట్టె. వెనక ఇంకా ఎవరో ఆటోలోంచి కుట్టుమిషన్ దింపుతున్నారు.

"పెద్దబాపూ, దీనికి గూడ పూర్తి టోకెన్ ఇయ్యి!"

నేను పెట్టె వెనక్కి జరిగాను. వెంకటవ్వ కొంగు దోపుకుంటూ గడప మీదికి వచ్చింది. ఇక నా పని అయిపోయింది అనుకున్నాను.

"మా ఆయన ఏడాదికొక్కటే సెట్టింగు జేస్తడు. ఈ యేటిది నిన్న అయిపోయింది. పోండ్రి, పోండ్రి."

అందరినీ పంపేసి, తలుపు దగ్గరికి వేసి, నా ఎదురుగా కూర్చుంది. గుప్పిట తెరిచింది. రూపాయి బిళ్లంత బ్యాటరీ.

"గిది పాతది. కొత్తది తెప్పిచ్చి ఏస్తె సరిగ్గ ఉంటదని మొన్న మార్చిన. ఆత్మారాంకు సద్ది తీస్కపోయినప్పుడు సూసేదాన్ని. పోరగాండ్లు సెట్టింగులు ఖరాబ్ జేస్తే, వాడు ప్లగ్గు గుంజి, గీ బిళ్ల తీసి, జెరసేపాగి వెట్టేటోడు. దెబ్బకు పెట్టెకు పాత బుద్ధొచ్చేది."

"మరి పాట గంత జల్ది ఎట్లొచ్చింది?"

"నిన్న పగటీలి అన్నం తినంగనే మీట నొక్కి వెట్టిన. అది లేసేటాలకు లేసింది."

ఇంత ఆలోచన నాకెందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు.

వెనక నిరోష నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. "మామా, ఆ పాట పోయిన ఏడే నా ఫోన్లకు ఎక్కిచ్చిన. అత్తమ్మ వద్దన్నది పెట్టొద్దని."

"ఎందుకే?" అన్నాను వెంకటవ్వతో.

"ఫోన్ల వెడితే నువ్వేం జేస్తవు? పండుగ నాడు మోర వేలాడేసుకుని ఏదో మూలకు కూసుంటవు. పెట్టె పక్కన కూసుంటే జెర మనిషి లెక్క కనవడ్తవు."

"మరి బకెటు?"

"బెదిరిచ్చిన. అంతే. పాటను జల్ది రప్పియ్యమన్న గని, పత్తాలను గాదు." బిళ్లను నా చేతిలో పెట్టి అన్నది, "మా బాపు చెరుకు బండి ఎంతుండె? లారీల నడుమ పొద్దుగాలకెల్లి నిలవడితిమి. నువ్వు విజిల్ ఊది, లారీని ఆపి, మా ఎడ్లబండిని ఎక్కిచ్చినవు. గీయనకు బుద్ధున్నదని నేను గప్పుడే అనుకున్న. ఇయ్యాల చిన్నబండిని నిలవెట్టి లారీకి తోవిస్తవా?"

"గప్పుడు బండి మీద నువ్వు కూసున్నవు గదనే."

"మరి ఇప్పుడు ఆ పాటల కూసున్నది ఎవలు?"

నిరోష వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆ బిళ్లను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

"నీకు గూడ గసొంటి బిళ్ల యాడన్న ఉంటదేమో అని పెండ్లైన కాడికెల్లి దేవులాడుతున్న" అన్నది వెంకటవ్వ, లేస్తూ.

బయట పాత సామాన్లవాడి కేక వినిపించింది. నేను ఒక్క ఉరుకున పోయి పెట్టెకు అడ్డం నిలబడ్డాను. వెంకటవ్వ నావైపు కూడా చూడలేదు. కిషోర్‌బాబు వదిలిపోయిన స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టి, ఒక చిన్న చెంచా తెచ్చుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త సెట్టింగు నడుస్తోంది. ఆమె పెట్టిందే. కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే నేను పత్తాలకు కూర్చోవచ్చు. రెండో విజిల్‌కు దిగాలి, చిక్కుడుకాయ ఈనెలు తీయాలి. గెలుస్తున్నాను అన్నా వినదు. యార్డులో నేను ఎన్ని బండ్లను ఇలా దింపానో అవన్నీ ఎక్కడినుంచో చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది.

ఆ రెండును మూడు చేసుకునే మార్గం ఏదైనా ఉందా అని కిషోర్‌బాబును గుట్టుగా అడిగాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. వాళ్లింట్లో ఒక్క విజిల్‌కే దిగాలట.